తోచినది ఎవరిది? ఆశుహాస్యం, ప్రతిభ, అహంకారం

తెలుగు భాషలో 'తోచు' అనే చిన్న క్రియాపదం ఒకటి ఉన్నది. 'నాకు ఒక మాట తోచింది' అంటారు గాని 'నేను ఒక మాటను తోచాను' అని ఎవరూ అనరు. 'ఆలోచించు' అనే చోట మాత్రం 'నేను ఆలోచించాను' అని మనిషి తనను తాను కర్తగా నిలబెట్టుకుంటాడు. తోచినప్పుడు వాక్యంలో కర్తృస్థానం ఆ భావానిదే. మనిషి 'కు' ప్రత్యయం వెనుక ఒదిగి, ఆ భావం వచ్చి వాలిన చోటుగా మాత్రమే మిగులుతాడు. వేదాంతం ఎన్నో ప్రకరణాలలో శ్రమించి బోధించే కర్తృత్వవిచారాన్ని వాడుకభాష ఇలా ఒక్క ప్రత్యయంతో సూచించి ఊరుకుంది. తోచిన దానిని నమ్మవచ్చునా, నమ్మితే ఎంతవరకు అనే ప్రశ్నకు మూలం కూడా ఇక్కడే ఉన్నది.

ఈ ప్రశ్నను శాస్త్రగోష్ఠిలో కాక నవ్వులాటలో ప్రతి రాత్రీ ఎదుర్కొనే కళ ఒకటి ఉత్తర అమెరికాలోనూ ఇంగ్లండులోనూ పెరిగి, నేడు అనేక దేశాలకు వ్యాపించింది. దానిని 'ఇంప్రోవ్ కామెడీ' అంటారు. ఆశుహాస్యం అని చెప్పుకోవచ్చు. వేదిక మీద ఒకటి రెండు కుర్చీలు తప్ప మరేమీ ఉండదు. వ్రాసిన సంభాషణ లేదు, కథ లేదు, పాత్రల నిర్ణయం లేదు. ప్రేక్షకులలో ఒకరు ఒక మాట అందిస్తారు. ఇద్దరు నటులు ముందుకు వచ్చి ఆ మాట నుండి ఒక లోకాన్ని కల్పించడం ప్రారంభిస్తారు. ఒకరు ఏదో అంటారు, రెండవవారు దానిని సత్యంగా స్వీకరించి దానిపై ఇంకొకటి చేరుస్తారు. మూడు నాలుగు నిమిషాలలో ఆ లోకం పుట్టి, పెరిగి, లయిస్తుంది. మర్నాడు దానిని తిరిగి ప్రదర్శించరు. ఈ కళాశిక్షణలో తరచుగా వినబడే ఉపదేశం ఒకటే: మొదట తోచినదానిని నమ్ము.

ఈ ఉపదేశం వినగానే భారతీయ సాధకునిలో రెండు రకాల స్పందనలు కలుగుతాయి. ఒకరు సంతోషిస్తారు: ఇది అంతర్వాణిని నమ్మమని చెప్పడమే కదా అని. మరొకరు జంకుతారు: మనస్సును నిగ్రహించమని శాస్త్రం చెబుతుంటే, తోచినదల్లా పలకమనడం మర్కటానికి మద్యం పోయడం కాదా అని. ఇద్దరూ తొందరపడుతున్నారనే చెప్పాలి. ఆ ఉపదేశం ఎక్కడ పుట్టిందో, ఏ రోగానికి మందుగా పుట్టిందో చూడకుండా దానిని ఆమోదించడమూ తగదు, తిరస్కరించడమూ తగదు.

షికాగో నగరంలో 1889లో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ స్థాపించిన హల్ హౌస్ అనే సేవాసదనం ఉండేది. ఐరోపా నుండి వలస వచ్చిన పేద కుటుంబాల మధ్య అది పనిచేసింది. అక్కడ నీవా బాయిడ్ అనే ఉపాధ్యాయురాలు ఆటల ద్వారా పిల్లలకు సంఘజీవనం నేర్పే విద్యను బోధించేది. ఆమె వద్ద 1920లలో శిక్షణ పొందిన వయోలా స్పోలిన్ ఆ ఆటలను రంగస్థలానికి తెచ్చింది. భాషలు వేరు, ఆచారాలు వేరు అయిన పిల్లలకు నాటకం నేర్పాలంటే ఉపన్యాసం పనికిరాదు, ఆట పనికివస్తుంది. ఆమె కుమారుడు పాల్ సిల్స్ 1955లో డేవిడ్ షెపర్డ్‌తో కలిసి కంపాస్ అనే బృందాన్ని, 1959 డిసెంబరులో మరికొందరితో కలిసి సెకండ్ సిటీ అనే ప్రసిద్ధ రంగస్థలాన్ని నెలకొల్పాడు. స్పోలిన్ తన ఆటలన్నిటినీ 1963లో ఒక గ్రంథంగా ప్రకటించింది.

ఆ గ్రంథంలో ఆమె గుర్తించిన రోగం పేరు మెప్పు-నిరసన. తల్లి ముఖం, ఉపాధ్యాయుని ముఖం, ప్రేక్షకుని ముఖం చూసి తన చర్య మంచిదా చెడ్డదా అని నిర్ణయించుకునే అలవాటు మనిషికి పసితనం నుండే అంటుకుంటుంది. ఆ అలవాటు ఉన్నంతకాలం అతడు దేనినీ ప్రత్యక్షంగా అనుభవించలేడని, అన్నిటినీ ఇతరుల కన్నులతోనే చూస్తాడని ఆమె అభిప్రాయం. దానికి ఆమె ఇచ్చిన చికిత్స ఉపదేశం కాదు, ఏకాగ్రత. ప్రతి ఆటలోనూ నటునికి ఒక్క లక్ష్యం అప్పగిస్తుంది. కంటికి కనబడని త్రాడును ఇద్దరూ లాగాలి. ఆ త్రాడు నిజంగా చేతిలో ఉన్నట్లే మనస్సు దానిపై నిలవాలి. మనస్సు త్రాడుపై నిలిచినప్పుడు 'నేను బాగా చేస్తున్నానా' అనే చింతకు చోటు ఉండదు. ఆ చోటు ఖాళీ అయినప్పుడే కొత్త చేష్ట, కొత్త మాట తమంతట తామే వస్తాయి. తోచడానికి ముందు ఏకాగ్రత ఉన్నదన్న ఈ అంశాన్ని, ఆశుహాస్యాన్ని గురించి ఉత్సాహంగా మాట్లాడేవారు చాలామంది వదిలేస్తారు. విచ్ఛృంఖలమైన మనస్సును నమ్మమని స్పోలిన్ ఎన్నడూ చెప్పలేదు. ఒక ఆలంబనంలో నిలిచిన మనస్సుకు తోచినదానిని నమ్మమన్నది.

ఇంగ్లండులో ఈ విద్యకు రెండవ మూలపురుషుడు కీత్ జాన్‌స్టన్. లండనులోని రాయల్ కోర్ట్ థియేటరులో పనిచేసి, పిమ్మట కెనడాలోని కాల్గరీ నగరానికి వెళ్లి స్థిరపడి, అక్కడ 1977లో లూస్ మూస్ అనే నాటకసంస్థ స్థాపనలో పాలుపంచుకున్నాడు. 1979లో వెలువడిన అతని 'ఇంప్రో' అనే గ్రంథంలో స్ఫురణను గురించి ఒక పెద్ద అధ్యాయమే ఉన్నది. మనుషులకు ఏమీ తోచదన్నది అబద్ధమని అతడంటాడు. తోస్తుంది, తోచిన మరుక్షణం భయపడి దానిని నొక్కివేస్తారు. ఆ భయాలను అతడు మూడుగా విభజించాడు: తనను పిచ్చివాడనుకుంటారేమో, అసభ్యుడనుకుంటారేమో, కొత్తదనం లేనివాడనుకుంటారేమో. మూడింటిలోనూ క్రియ ఒకటే, 'అనుకుంటారేమో'. మూడవది అన్నిటికంటే సూక్ష్మమైనది, ఎందుకంటే అది భయంలా కనబడదు, ప్రజ్ఞలా కనబడుతుంది.

ఒక దృశ్యం ఊహించుకుంటే ఇది విశదమవుతుంది. ఒక నటి వేదికపైకి వచ్చి, "డాక్టరుగారూ, నిన్నటి నుండి నా నీడ కనబడటం లేదండీ" అన్నదనుకుందాం. ఎదుటి నటునికి వెంటనే తోచిన మాట, "చివరిసారి ఎప్పుడు చూశారమ్మా?" అని. కాని అతడు దానిని పలకడు. ఇది మరీ సాధారణంగా ఉంది, ఎవరైనా అనగలరు, ఇంతకంటే చమత్కారం కావాలి అని లోపల వెదుకుతాడు. రెండు క్షణాలు గడుస్తాయి. చివరికి నీడల మీద పన్ను వేస్తున్న ప్రభుత్వం గురించి ఏదో తెలివైన మాట అంటాడు. ప్రేక్షకులు మర్యాదకు చిన్నగా నవ్వుతారు. ఆమె తెచ్చిన బెంగ గాలిలో వ్రేలాడుతూ మిగిలిపోతుంది. ఆ మొదటి మాటే పలికి ఉంటే అతడు నిజంగా వైద్యుడయ్యేవాడు, ఆమె నిజంగా రోగి అయ్యేది, పోయిన నీడ నిజంగా పోయినదయ్యేది. నవ్వు దానంతట అదే వచ్చేది. స్పష్టంగా ఉన్నదానిని స్పష్టంగా చెప్పినవాడే అపూర్వుడిగా కనబడతాడనీ, అపూర్వత కోసం పాకులాడేవాడు తన నుండి తాను దూరమవుతాడనీ జాన్‌స్టన్ చెప్పింది దీనినే.

అతని గ్రంథంలో భారతీయ పాఠకుని ఆపివేసే మాట మరొకటి ఉన్నది. కళ అంటే తన్ను తాను వ్యక్తం చేసుకోవడమనే భావన చరిత్రలో చాలా కొత్తదనీ, పూర్వకాలంలో కళాకారుడు తన ద్వారా మరేదో పనిచేసే వాహికగా, దైవానికి సేవకుడుగా భావింపబడ్డాడనీ అతడు గుర్తుచేస్తాడు. అతడు వేదాంతి కాడు, భక్తుడూ కాడు. నటులు వేదిక మీద బిగుసుకుపోవడానికి కారణం వెదుకుతూ వెళ్లి, కర్తృత్వభారం వద్దకు చేరాడు. భావం తనదని నమ్మినవాడు దానికి పూచీ పడాలి. పూచీ పడవలసినవాడు ముందుగా వడపోయాలి. వడపోసే లోపల క్షణం దాటిపోతుంది. ఈ క్రమాన్ని అతడు తరగతిగదిలో కళ్లారా చూశాడు. అందుకే కొత్తవారికి శిక్షణ ప్రారంభించేటప్పుడు, మీరు విఫలులైతే తప్పు నాదే, నన్నే నిందించండి అని వారికి ముందే చెప్పేవాడట. శిష్యుని భారాన్ని గురువు తన భుజాన వేసుకోవడం అంటే ఏమిటో ఈ సంప్రదాయానికి క్రొత్తగా చెప్పనవసరం లేదు. భారం దిగిన మరుక్షణం శిష్యుని నోరు తెరచుకుంటుంది.

ఇక శాస్త్రం వైపు చూస్తే, ఈ తోచడానికి సంస్కృతంలో ఉన్న పేరు ప్రతిభ. నేటి వాడుకలో ప్రతిభ అంటే సామర్థ్యమనీ, పరీక్షలలో మార్కులనీ అర్థం స్థిరపడింది. ప్రతిభా పురస్కారాలంటే అదే. శాస్త్రంలో దాని అర్థం వేరు. అది ఎదుట భాసించడం, మెరపులా తోచడం. అభినవగుప్తుని గురువైన భట్టతౌతుడు ప్రతిభను ఎడతెగక కొత్తగా వికసించే ప్రజ్ఞగా నిర్వచించాడు. ఆయన 'కావ్యకౌతుకం' నేడు లభించదు, కాని ఆ నిర్వచనం మాత్రం తరువాతి ఆలంకారికుల ద్వారా నిలిచింది. అంతకు పూర్వమే భర్తృహరి 'వాక్యపదీయం' ద్వితీయకాండంలో ప్రతిభను మరింత లోతుకు తీసుకుపోయాడు. అది ఇటువంటిదని ఇతరులకు చూపించలేనిది, ఎవరికి వారికే లోపల సిద్ధించేది అని ఆయన అభిప్రాయం. వసంతంలో కోకిల కంఠస్వరాన్ని మార్చేది ఎవరు, పక్షికి గూడు కట్టడం నేర్పింది ఎవరు అని అడిగి, ప్రాణికోటి ప్రవర్తన అంతటా ఆ ప్రతిభనే దర్శించాడు.

ఆ ప్రతిభ పుట్టుకతో వచ్చేదా, సాధనతో వచ్చేదా అన్న వివాదం ఆలంకారికులలో దీర్ఘంగా సాగింది. సహజప్రతిభ లేకున్నా శాస్త్రశ్రవణంతో, ప్రయత్నంతో వాగ్దేవిని సేవిస్తే ఆమె కొంత అనుగ్రహించకపోదని దండి ఓదార్చాడు. పదిహేడవ శతాబ్దిలో తెలుగుగడ్డ నుండి వెళ్లి మొగలు చక్రవర్తుల కొలువులో వెలిగిన పండితరాజ జగన్నాథుడు, కావ్యానికి కారణం ప్రతిభ ఒక్కటేనని గట్టిగా చెప్పాడు. కాని ఆ ప్రతిభకు కారణం ఒకచోట దేవతానుగ్రహాది అదృష్టం, మరొకచోట వ్యుత్పత్తి, అభ్యాసం అని విడదీశాడు. ఈ విభాగం ఎంతో ఉపకరించేది. క్షణంలో మెరిసేది క్షణంలో తయారైనది కాదని ఇది చెబుతోంది. వేదిక మీద ఒక్క శ్వాసలో వెలువడిన మాట వెనుక వందల సాయంకాలాల ఆటలున్నాయి.

తెలుగువారికి దీనికి పరాయి నిదర్శనాలు అక్కరలేదు. అష్టావధానంలో అవధాని చుట్టూ కూర్చున్న పృచ్ఛకులలో అప్రస్తుత ప్రసంగి ఒకడు. సమస్యాపూరణం ఒక పాదం వద్ద ఆగి ఉంటుంది, దత్తపదిలో ఇంకా రెండు పదాలు పొదగవలసి ఉంటుంది. ఆ స్థితిలో ఇతడు లేచి వంకాయకూర గురించో, అల్లుడి అలక గురించో సందర్భం లేని ప్రశ్న విసురుతాడు. అవధాని తడుముకోకుండా, సభ నవ్వేటట్లు, ఔచిత్యం చెడకుండా, లోపల నిలిపిన పద్యపాదాలు చెదరకుండా సమాధానం చెప్పాలి. ఆశుహాస్యానికి ఇంతకంటే కఠినమైన పరీక్ష మరొకటి దొరకదు. నిషిద్ధాక్షరి సంగతి మరీ విచిత్రం. షికాగో నటులు ఎదుటివారి ప్రతిపాదనను కాదనడాన్ని 'బ్లాక్' చేయడమని దోషంగా లెక్కిస్తారు. ఇక్కడ అడుగడుగునా అక్షరాన్ని కాదనడమే పృచ్ఛకుని కర్తవ్యం. అవధాని ఆ నిషేధాన్నే కానుకగా స్వీకరించి, తెరచి ఉన్న మరో దారిన పద్యాన్ని నడిపిస్తాడు. తిరుపతి వేంకట కవుల కాలంలో ఈ విద్య ఊరూరా ప్రజలను ఉర్రూతలూగించిందంటే అందుకు కారణం పాండిత్యం ఒక్కటే కాదు. ఎదుట నిలిచిన మనిషికి మాట తోస్తున్న ఆ క్షణాన్ని కళ్లారా చూడగలగడం.

అయితే మొదటి సాధకుని సంతోషాన్ని ఇక్కడ కొంత తగ్గించక తప్పదు. తోచేదంతా ప్రతిభ కాదు. యోగవాసిష్ఠం వాసనను నిర్వచించిన తీరు గమనార్హం: పూర్వాపర విచారణ లేకుండా, గాఢమైన భావన వలన ఒక పదార్థాన్ని చటుక్కున పట్టుకోవడమే వాసన అంటుంది. విద్యారణ్యులు 'జీవన్ముక్తివివేకం'లో వాసనాక్షయాన్ని విచారిస్తూ దానినే స్వీకరించారు. ఇప్పుడు చిక్కు ఎక్కడున్నదో కనబడుతుంది. పూర్వాపరాలు చూడకపోవడం ప్రతిభకూ లక్షణమే, వాసనకూ లక్షణమే. రెండూ వడపోత లేకుండానే వస్తాయి. రెండూ 'నాకు తోచింది' అనే ఒకే వాక్యంలో ఇముడుతాయి. ప్రతిభ కనుక నమ్మమంటే, దాని వేషంలో వాసన కూడా లోపలికి వస్తుంది. ఆశుహాస్య వేదికలమీద అసభ్యత, పరజాతిపై వెకిలితనం, బలహీనులపై చులకన వినబడినప్పుడు, అప్పుడలా తోచింది అని సమర్థించుకోవడం కూడా వినబడుతుంది. తోచింది నిజమే. తోచినది మలినవాసన.

జాన్‌స్టన్ వంటి వారు దీనికి చెప్పే సమాధానం, తరగతిగదిలో అంతా రానివ్వాలి, మనిషి తన ఊహలో పుట్టినదానికి బాధ్యుడు కాడు అని. శిక్షణ వరకు ఆ మాటలో బలం ఉన్నది. మూత బిగించిన కుండలో ఏమున్నదో తెలియదు, తెలియనిదానిని శుద్ధి చేయడమూ సాధ్యం కాదు. కాని ఊహ పుట్టడం వేరు, దానిని నలుగురి ముందు ఒకరి మీద విసరడం వేరు. పుట్టినదానికి బాధ్యత లేకపోవచ్చు, విసిరినదానికి ఉన్నది. ఈ చోట పాశ్చాత్య శిక్షకులకంటే విద్యారణ్యులే సరైనవారని ఒప్పుకోవాలి. వాసనను దాచడం కాదు, తెలిసి క్షయింపజేయడం కావాలి.

మరి రెండింటినీ వేరుచేసే గుర్తు ఉన్నదా? భట్టతౌతుని నిర్వచనంలోనే అది దాగి ఉన్నది: కొత్తదనం. ఇది జాన్‌స్టన్ నిందించిన కొత్తదనపు పాకులాట కాదు. ఎదుట ఉన్న క్షణానికి పుట్టిన మాట సహజంగానే కొత్తది, ఎందుకంటే ఆ క్షణం మునుపెన్నడూ లేదు. "చివరిసారి ఎప్పుడు చూశారమ్మా?" అన్న మాట అతిసాధారణమైనది, అయినా పోయిన నీడకు సమాధానంగా అది మొదటిసారి పుట్టింది. వాసన ఇందుకు విరుద్ధం. అది పాతదానినే తిరిగి తెస్తుంది. కొందరు నటులను నాలుగు రోజులు వరుసగా చూస్తే విషయం తెలిసిపోతుంది. ప్రేక్షకులు సముద్రమన్నా, పెళ్లన్నా, గణితమన్నా వారి దృశ్యం చివరికి తాగుబోతు నడక దగ్గరకో, అత్తగారి ఎత్తిపొడుపు దగ్గరకో చేరుతుంది. చాలా వేగంగా చేరుతుంది. ఆ వేగాన్నే వారు స్ఫురణ అనుకుంటారు. ఎదుటి నటి ఏమన్నదో వారు విననే లేదు. ప్రతిభ విన్న తరువాత పుడుతుంది, వాసన వినకముందే సిద్ధంగా కూర్చుని ఉంటుంది.

అందువల్ల అంతఃకరణంలో ఆ రెండు క్షణాల ఆలస్యానికి కారకుడెవరో జాగ్రత్తగా చూడవలసి ఉంది. సాధారణంగా దానిని బుద్ధి చేసే వివేచన అనుకుంటారు. బుద్ధిని తప్పించి మనస్సును విడవడమే ఆశుహాస్యమని భావించి, రెండవ సాధకుడు జంకుతాడు. కాని ఆ నీడ దృశ్యంలో నటుణ్ణి ఆపినది బుద్ధి కాదు. బుద్ధి అడిగే ప్రశ్న, ఇది సత్యమా, హితమా, ఉచితమా అని. ఆ ప్రశ్నకు సమాధానం క్షణంలో వస్తుంది. సంస్కరింపబడిన బుద్ధికి దానికి సమయమే పట్టదు. అతడు లోపల అడుగుకున్న ప్రశ్న, దీనితో నేను ఎలా కనబడతాను అని. అది అహంకారం అడిగే ప్రశ్న. అహంకారం ఎప్పుడూ తన సొంత వేషంలో రాదు. విమర్శకునిలా, రసికునిలా, వివేకిలా వస్తుంది. తోచినదానికీ పలుకుకూ మధ్య ఉన్న సన్నని సందులో దాని నివాసం. నటునికి శిక్షణ ఇచ్చేది బుద్ధిని తీసివేయడానికి కాదు, ఆ సందులో కాపురం ఉన్నవానిని ఖాళీ చేయించడానికి.

2008లో చార్లెస్ లిమ్, అలెన్ బ్రౌన్ అనే శాస్త్రజ్ఞులు ఆశువుగా వాయించే ఆరుగురు జాజ్ పియానో వాద్యకారుల మెదళ్లను పరిశీలించి, తమను తాము గమనించి అదుపు చేసుకోవడానికి సంబంధించిన భాగాలలో వ్యాపారం తగ్గినట్లు ప్రకటించారు. ఇటువంటివి కనబడగానే అహంకారలయం ప్రయోగశాలలో రుజువైందని ప్రచారం చేసే ఉత్సాహం ఆధ్యాత్మిక వర్గాలలో హెచ్చు. ఆరుగురి మెదడులో రక్తప్రసరణ ఒక సంగతి, అద్వైతం మరొక సంగతి. చూసి ముందుకు సాగడమే మేలు.

ఇదంతా నవ్వులాట విషయమైతే ఇంత విచారం అనవసరం. కాని ఇదే సందు సత్సంగంలోనూ ఉన్నది. గురువు ఒక ప్రశ్న అడుగుతారు: నిద్రలో ఆనందాన్ని అనుభవించింది ఎవరు? కూర్చున్నవారిలో ఒకరికి లోపల తోచిన నిజమైన సమాధానం, 'తెలియదు' అని. ఆ మాట పెదవుల వరకు వస్తుంది. వెంటనే మరొకడు లోపల లేచి, ఇన్నేళ్లుగా వస్తూ తెలియదనడమా, పంచదశిలో చదివినది చెప్పు అంటాడు. శ్లోకం బయటకు వస్తుంది, గురువు ముఖం వైపు చూపు వెళుతుంది, ఆయన తల ఊపారా లేదా అని. స్పోలిన్ చెప్పిన మెప్పు-నిరసన రోగం ఇంతకంటే స్పష్టంగా ఏ రంగస్థలంమీదా కనబడదు. ఆ శ్లోకం తప్పు కాదు. ఆ క్షణానికి అది పుట్టలేదు, అంతే. 'తెలియదు' అని ఉంటే గురువు తరువాతి మెట్టు చూపించేవారు. శ్లోకం విన్నాక చూపించడానికి ఏమీ మిగలలేదు. జపంలోనూ, పూజలోనూ, పక్కవారు చూస్తున్నారన్న స్పృహ వచ్చిన క్షణాన కన్నులు ఇంకొంచెం అర్ధనిమీలితం కావడం ఎరుగని సాధకుడు అరుదు.

మరొకవైపు ప్రమాదం ఇంకా పెద్దది. ధ్యానంలో తోచిందని ఉద్యోగం వదలినవారు, అంతరాత్మ చెప్పిందని ఇల్లు విడిచి భార్యాబిడ్డలను అప్పులపాలు చేసినవారు ఉన్నారు. వారు కూడా మొదట తోచినదానిని నమ్మినవారే. వేదికమీద ఆ నమ్మకం క్షేమకరం కావడానికి కారణాలు వేదికలోనే ఉన్నాయి. దృశ్యం నాలుగు నిమిషాలలో ముగుస్తుంది. తప్పు మాట పడితే ఎదుటి నటి దానిని అందుకుని మలుపు తిప్పుతుంది. పోయిన నీడ కోసం ఎవరూ ఆసుపత్రి బిల్లు కట్టనక్కరలేదు. జీవితంలో తోచిన మాటను అందుకోవలసిన ఎదుటివారు నటులు కారు, భరించవలసినవారు. అక్కడ మొదట తోచినదానిని గౌరవంగా విని, పెద్దలను అడిగి, శాస్త్రంతో సరిచూసి, రోజులు గడవనిచ్చి నిర్ణయించడం అహంకారం కాదు, బుద్ధి తన పని తాను చేయడం. పతంజలి సైతం విభూతిపాదంలో ప్రాతిభజ్ఞానాన్ని ఎంతో ఎత్తున నిలిపి, వెంటనే అటువంటివి వ్యుత్థానంలో సిద్ధులైనా సమాధికి విఘ్నాలేనని హెచ్చరించాడు. మెరుపు వెలుగులో దారి కనబడుతుంది గాని, మెరుపును పట్టుకుని నడవలేరు.

కనుక ఆశుహాస్యం నుండి సాధకుడు తెచ్చుకోదగినది 'తోచినది చేయి' అనే అనుమతి కాదు. అహంకారం వచ్చే చప్పుడును గుర్తుపట్టే అభ్యాసం. ఏకాంతంలో అది చాలా కష్టం, ఎందుకంటే అక్కడ అది నిదానంగా, అలికిడి లేకుండా వస్తుంది. నలుగురి ముందు, ఎదుటివారి మాటకు వెంటనే బదులు చెప్పవలసిన స్థితిలో అది పరుగెత్తి వస్తుంది, కనుక దొరుకుతుంది. శిక్షణలో విఫలమైన నటుణ్ణి రెండు చేతులూ పైకెత్తి, నవ్వుతూ ప్రేక్షకులకు నమస్కరించమని చెప్పే ఆచారం కొన్ని బృందాలలో ఉన్నది. మొదట అది చిన్నపిల్లల చేష్టగా కనబడుతుంది. కాని ఓడిపోయిన క్షణంలో ముఖం దాచుకోకుండా నలుగురి కన్నులలోకి చూసి నిలబడటం ఎంత కష్టమో, ఒక్కసారి పారాయణంలో శ్లోకం మరచి సభలో ఆగిపోయినవారికి తెలుసు.

అవధానం ముగింపులో ధారణ ఉంటుంది. విడివిడిగా చెప్పిన పాదాలన్నిటినీ కూర్చి, సమస్య నుండి వర్ణన వరకు పద్యాలను అవధాని వరుసగా అప్పజెబుతాడు, సభ చేతులు తట్టుతుంది. అప్రస్తుత ప్రసంగికి ఇచ్చిన సమాధానాలను మాత్రం ఎవరూ అప్పజెప్పమని అడగరు. వంకాయకూర మీద అన్న మాటకు సభ అంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. ఇంటికి వెళ్లే దారిలో ఒకరు దానిని పక్కవారికి చెప్పబోతారు, సగంలో ఆగి, అక్కడ విన్నప్పుడు ఎంత బాగుందో అంటారు.